సర్వర్‌లో ప్రాంప్ట్ రంగు మారడం లేదేం?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్ బ్యాష్ కదా, దాని సెట్టింగులుండే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో పీఎస్1 (ప్రాంప్ట్ ఎలా కనపడాలో చెప్పే సెట్టింగ్) మార్చి, ప్రాంప్ట్‌కి, అంటే కమాండ్ కొట్టేచోట ముందు కనపడే గుర్తుకి, ఆకుపచ్చ రంగు పెట్టుకున్నాను. ఆఫీసు సర్వర్‌లోనూ అదే లైన్ రాశాను. కానీ ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయితే పాత ప్రాంప్టే వస్తోంది. పైగా ల్యాప్‌టాప్‌లో పొడవాటి కమాండ్ కొడితే అక్షరాలు కింది లైన్‌కి దిగకుండా ప్రాంప్ట్ మీదే పడుతున్నాయి.
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు రాసిన లైన్ సర్వర్‌లో భద్రంగానే ఉందమ్మా, దాన్ని ఎవరూ చదవడం లేదంతే. ఎస్ఎస్‌హెచ్‌తో వచ్చేది లాగిన్ షెల్, అంటే లాగిన్ అవగానే మొదలయ్యే బ్యాష్. అది ముందు సిస్టమ్ మొత్తానికీ ఉండే ప్రొఫైల్ ఫైల్ చదువుతుంది. తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లో బ్యాష్_ప్రొఫైల్, బ్యాష్_లాగిన్, ప్రొఫైల్ అనే మూడింటిని ఇదే వరుసలో వెతికి, మొదట దొరికినదాన్ని చదివి ఆగిపోతుంది. ఉబుంటు ఇచ్చే ప్రొఫైల్ ఫైలే బ్యాష్‌ఆర్‌సీని పిలుస్తుంది. మీ సర్వర్‌లో ఎవరో బ్యాష్_ప్రొఫైల్ పెట్టి ఉంటే ఆ పిలుపు అందదు. పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు కదా, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌కి హైఫన్ ఏ (-a) తగిలిస్తేనే కనపడతాయి. ఆ ఫైల్ ఉంటే, అందులో బ్యాష్‌ఆర్‌సీని సోర్స్ చేసే, అంటే దాన్నీ చదవమని చెప్పే, లైన్ ఒకటి కలపండి.

ఇక రెండోది. రంగు కోడ్ తెరమీద చోటు తీసుకోదు, కానీ ఆ సంగతి బ్యాష్‌కి తెలియదు. వాటినీ అక్షరాలుగా లెక్కేసి, లైన్ నిండకముందే నిండిందనుకుంటుంది. ప్రతి రంగు కోడ్‌కీ ముందు \[ వెనక \] పెట్టండి, సరిపోతుంది.

రంగు సోకు కోసమని మాత్రం అనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా ముందు రెండు విండోలు ఉండేవి, ఒకటి టెస్ట్ సర్వర్‌ది, ఒకటి లైవ్‌ది, అంటే జనం వాడే అసలు సర్వర్‌ది. రెండింట్లోనూ ఒట్టి $ గుర్తే. టెస్ట్ అనుకుని లైవ్‌లో ఒక ఫోల్డర్ చెరిపేశాను. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చేసరికి తెల్లారింది, ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి లైవ్ సర్వర్ పేరు ఎరుపులో, అంటే 31 కోడ్‌తో, టెస్ట్‌ది 32తో ఆకుపచ్చలో పెడుతున్నాను. పక్కన ఏ ఫోల్డర్‌లో ఉన్నానో ఉంటుంది. గడియారం, బ్యాటరీ లాంటివి ప్రాంప్ట్‌లోకి రానివ్వను, చూడాల్సిన పేరు వాటి మధ్య కనపడకుండా పోతుంది.

సర్వర్‌లో ఈ ఫైళ్లు మార్చేటప్పుడు పాత విండో మూసేయకండి. ఇంకో విండోలో లాగిన్ అయి, ప్రాంప్ట్ సరిగ్గా వచ్చిందని చూసుకున్నాకే మొదటిది మూయండి.