"నీ పేరేమి?" అన్న ప్రశ్న

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. వ్యాపారం దెబ్బతిని మూడేళ్లయింది, అప్పులు పెరిగాయి. అయినా దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు కానుక, ఒక్క నెల కూడా ఆపలేదు. వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటున్నాను. ప్రార్థన అంశాలు తేదీలతో సహా నోటుపుస్తకంలో రాసుకుని, జవాబు వచ్చినవాటి పక్కన టిక్కు పెడతాను. ఏడాదిగా ఒక్క టిక్కూ పడలేదు. 'విత్తితేనే కోత', కానుక విత్తనంలాంటిది అని ఒక ప్రసంగీకుడు చెబితే అప్పు తెచ్చి మరీ ఆ విత్తనపు కానుక వేశాను. ఆ సంగతి నా భార్యకు తెలియదు. ఇంట్లో చీటికిమాటికి కోపం వస్తోంది. మొన్న మా అబ్బాయి, "నాన్నా, నువ్వు ప్రార్థన చేసి లేచినప్పుడే మాకు ఎక్కువ భయం" అన్నాడు. ఆస్తి విషయంలో తమ్ముడితో మాటల్లేవు, అది వేరే సంగతి. నా విశ్వాసంలో లోపం ఎక్కడుంది? దేవుడు నన్నెందుకు ఆశీర్వదించడం లేదు?

జవాబు: సోదరా, మీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. ప్రతిసారీ మీ అబ్బాయి మాట దగ్గరే ఆగిపోయాను. నాన్న మోకాళ్లమీంచి లేచాడంటే ఇల్లు తేలికపడాలి. ఆ పిల్లవాడు మాత్రం సరిగ్గా ఆ క్షణానికే భయపడుతున్నాడు. మీరు ఏడాదిగా ఎదురుచూస్తున్న జవాబు వాడి నోట వచ్చిందేమో అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

డబ్బు కోసం ప్రార్థించడం తప్పని నేననను. అప్పులవాళ్లు వాకిట్లో నిలబడే ఇంటివాడికి 'లోకసంబంధమైనవి అడగొద్దు' అని చెప్పడం కఠినత్వం. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని అడగమన్నది ప్రభువే. అయితే ఆ వెంటనే వచ్చే మాట ఒకసారి నెమ్మదిగా చదవండి: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." మీరు 'వేరే సంగతి' అని పక్కన పెట్టిన తమ్ముడు రోజూ మీరు చేసే ప్రార్థనలోనే ఉన్నాడు.

యాకోబు కథ మీకు తెలియనిది కాదు. అయినా మీ ఉత్తరం పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. బైబిల్లో ఆదికాండం 27లో అతనికి అన్న ఏశావుకు దక్కాల్సిన తండ్రి ఆశీర్వాదం కావాలి. అన్న బట్టలు తొడుక్కుని, చేతులకూ మెడకూ మేకపిల్లల తోలు కప్పుకుని, చూపు మందగించిన తండ్రి ముందు నిలబడ్డాడు. నువ్వెవరని అడిగితే ఏశావునన్నాడు. ఆశీర్వాదం దొరికింది, దాంతోపాటే అన్న పగ, పరాయి ఇంట ఇరవై ఏళ్ల చాకిరీ. పారిపోతూ బేతేలులో చేసుకున్న మొక్కుబడి చూడండి. తిండీ బట్టా ఇచ్చి క్షేమంగా తిరిగి తీసుకొస్తే యెహోవా నాకు దేవుడవుతాడు, ఇచ్చినదాంట్లో పదోవంతు ఇస్తాను అన్నాడు. అచ్చం మనలాగే! దేవుడు ఆ షరతుకు విసుక్కోలేదు. మందలిచ్చాడు, బిడ్డలనిచ్చాడు. అన్నీ ఉన్నా, అన్న ఎదురొస్తున్నాడని తెలిసేసరికి అతని గుండె జారిపోయింది.

ఆ రాత్రి యబ్బోకు ఏటి రేవు దగ్గర, మనిషి రూపంలో వచ్చిన దేవుడితో పెనుగులాటలో మళ్లీ పాత కోరికే: నన్ను ఆశీర్వదిస్తే గాని పోనివ్వను. అప్పుడు ఎదురుగా వచ్చింది ఒక ప్రశ్న, "నీ పేరేమి?" తండ్రి ముందు అబద్ధం చెప్పిన చోటికే దేవుడు అతణ్ణి తిరిగి తీసుకొచ్చాడు. ఈసారి 'యాకోబు' అన్నాడు. ఆ పేరులోనే మోసగాడనే అర్థం ఉంది, కాబట్టి అది చెప్పడమంటే నేను మోసగాణ్ణని ఒప్పుకోవడమే. ఆ తర్వాతే కొత్త పేరు, ఆశీర్వాదం. తెల్లారేసరికి అతని మందలో ఒక్క గొర్రె కూడా పెరగలేదు, పైగా కుంటుతున్నాడు. ఆ కుంటుకాలితోనే అందరికంటే ముందు నడిచి, ఏడుసార్లు నేలకు వంగి అన్న దగ్గరికి వెళ్లాడు. అక్కడ అతను అన్నకిచ్చిన కానుకకు 33:11లో హెబ్రీ మూలం వాడిన మాట 'బెరాఖా', అంటే ఆశీర్వాదం. దొంగిలించినదాన్ని తెచ్చి అన్న చేతిలో పెట్టినట్టే. ఈ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

మీ నోటుపుస్తకం తెరిచి చూసుకోండి. మూడేళ్ల అంశాల్లో మీ కోపం ఎన్నిసార్లు ఉంది? తమ్ముడి పేరు ఒక్కసారైనా ఉందా? గలతీయులకు రాసిన పత్రిక 5లో దీర్ఘశాంతము, దయాళుత్వము, సాత్వికము అని పౌలు చెప్పినవి టిక్కు పెట్టడానికి వీలుకానివి. అవి వచ్చాయో లేదో మనకంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

విత్తనపు కానుక గురించి రెండు మాటలు. 'కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును' అన్నప్పుడు పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తున్నాడు. లేనిదాన్నిబట్టి కాక కలిగినదాన్నిబట్టే ఇవ్వాలని దానికి ముందు అధ్యాయంలోనే రాశాడు. ఇకమీదట అప్పు తెచ్చి కానుక వేయకండి. దేవుడు మిమ్మల్ని ఆ అప్పు అడగలేదు.

ఈ వారమే మీ భార్యతో కూర్చోండి. కానుక కోసం తెచ్చినదానితో సహా ప్రతి అప్పూ కాగితం మీద పెట్టి చూపించండి. ఆమె కోప్పడితే వినండి, వాక్యాలు ఎత్తి చెప్పకండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి, నెలకు నిజంగా ఎంత కట్టగలరో చెప్పి గడువు అడగండి. అబ్బాయికి క్షమాపణ చెప్పడానికి మంచి రోజు చూసుకోనక్కర్లేదు. ఈసారి ప్రార్థన చేసి లేచాక వాడి పక్కన కూర్చుంటే చాలు, మాట దానంతటదే వస్తుంది.

తమ్ముడి సంగతి. పంపకాల్లో తప్పెవరిదో మీరు రాయలేదు, నేనూ ఊహించను. మీ వైపు ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే అది మీకే తెలుసు. మొదటి ఫోన్‌లో మాత్రం ఆస్తి ఊసు ఎత్తకండి, ఎలా ఉన్నావురా అని అడగండి. తమ్ముడితో సమాధానపడితే అప్పులు తీరిపోతాయని నేను మాటివ్వను. ఆ ఆశతో ఫోన్ చేస్తే అది కూడా విత్తనపు కానుకే అవుతుంది. అతను ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎత్తి పెట్టేయొచ్చు. ఓ నెల ఆగి మళ్లీ చేయండి. ఈలోగా అతని పేరు మీ నోటుపుస్తకంలో రాసుకోండి, ఆ పేరు కింద మీ పేరు కూడా.