శ్రీకాకుళంలో ఉంటూ, తక్కువ జీతంతో, బట్టల విషయంలో నాకంటూ ఒక స్టైల్ ఎలా తెచ్చుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో ప్రైవేటు ఉద్యోగం, 18 వేల జీతం. రాత్రిళ్ళు ఫోన్లో కోట్లూ చొక్కాలూ చూస్తూ కూర్చుంటావు. ఇక్కడ చెప్పుకోదగ్గ షాపుల్లేవు. కాస్త కొత్తగా వేసుకుంటే ఆఫీసులో నవ్వుతారు, ఇంట్లో దుబారా అంటారు. మాఘంలో అక్క పెళ్ళి ఉంది, దానికి సూట్ తీసుకోవాలా అని కూడా అడిగావు.

నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా సొంతూరు పొందూరుకి దగ్గర. బట్టల మీద ఇష్టం నాకు ఇంటర్ రోజుల నుంచీ ఉంది, ఇప్పటికీ తగ్గలేదు. కాబట్టి నీ బాధ నాకు తెలుసు.

బ్రాండు షాపులు లేవన్న బెంగ ముందు పక్కన పెట్టు. మన దగ్గర గుడ్డ ఉంది, కుట్టేవాళ్ళు ఉన్నారు. పెద్ద ఊళ్ళలో ఆ రెండో సంగతికి ఎంత డబ్బు పోస్తారో కనుక్కుంటే ఆశ్చర్యపోతావు. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఒకే ఒక్క చొక్కా నీ ఒంటికి అచ్చంగా సరిపోయేలా కుట్టించుకో. ఎన్ని ట్రయల్స్ అయినా సరే, అది కుదిరేదాకా ఇంకో గుడ్డ కొనకు. అది నీ ఆది చొక్కా అవుతుంది. ఆ తర్వాత కుట్టించుకునే ప్రతి చొక్కా దాని కొలతల్లోంచే వస్తుంది. స్టైల్ గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క చొక్కాతోనే మొదలైంది.

రెడీమేడ్ చొక్కా సైజు అంటే ఒకే ఒక్క అంకె. 40 తీసుకున్నవాడి భుజాలు, చేతులు, మెడ, పొట్ట అన్నీ ఆ 40కి తగ్గట్టే ఉంటాయని కంపెనీ లెక్క వేసుకుంటుంది. మన ఒళ్ళు ఆ లెక్క వినదు. నాకు రెడీమేడ్‌లో భుజం సరిపోతే చెయ్యి పొట్టి, చెయ్యి సరిపోతే నడుము దగ్గర సంచి. మా వీధి టైలరు దగ్గర మొదటిసారి కొలతలు ఇచ్చినప్పుడు ఆయన టేపు మెళ్ళో వేసుకుని కాసేపు నన్ను ఊరికే చూశారు. తర్వాత, “బావూ, మీరు నిల్చుంటే ఎడం భుజం కిందకి దిగతాది. బేగు ఎప్పుడూ అటే ఏస్తారేటి? అది సూసుకోకుండా కోసేస్తే కాలరు ఒక పక్కకి లాగేస్తాది” అన్నారు. అన్నేళ్ళుగా నా ప్రతి చొక్కాకీ కాలరు ఎందుకు వంకరగా కూర్చుంటోందో అప్పుడు తెలిసింది. ఏ షాపులో అద్దమూ చెప్పని సంగతి అది.

అలాంటి టైలరుని వెతుక్కో. ఎలా వెతకాలంటే, దుకాణంలో వేలాడుతున్న చొక్కా ఒకటి అడిగి తిరగేసి లోపలి వైపు చూడు. కుట్టు దగ్గరగా, తిన్నగా ఉందా, అంచులు పీచులు లేస్తున్నాయా చూడు. చారల గుడ్డ అయితే జేబు మీది చారలు చొక్కా చారలతో కలిశాయో లేదో చూడు. కాజాల దారం గట్టిగా ఉందా? లోపల శ్రద్ధ ఉన్నవాడు పైన కూడా శ్రద్ధగానే కుడతాడు. పండగ రద్దీలో వెళ్ళకు. మధ్యాహ్నం పూట, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్ళి కూర్చో. ఆదివారాలు నేను అలాగే కూర్చునేవాణ్ణి. కటింగ్ చూస్తూ, కాజాలు కుట్టడం నేర్చుకుంటూ. ఈ ఇష్టం నాలో నిలబడింది అక్కడే. ఫోన్లో చూసినంతకాలం బట్ట అంటే నాకు బొమ్మే. చేత్తో పట్టుకున్నాక అది ఒక పని అని తెలిసింది, ఆ పని మీద గౌరవం వచ్చింది.

చొక్కాకి టాకాలు, అంటే తర్వాత విప్పేసే కచ్చా కుట్లు, వేసినప్పుడే ఒకసారి వేసి చూస్తానని అడుగు, దానికి కాస్త ఎక్కువ ఇస్తానని చెప్పు. సాధారణంగా చొక్కాలకి ట్రయల్ ఇవ్వరు, అడిగితే కాదనరు. వేసుకున్నాక చూడాల్సిన మొదటి చోటు భుజం. కుట్టు భుజం ఎముక అంచున ఆగాలి. కిందకి జారితే అన్నయ్య చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. కాలరు బొత్తాం పెట్టాక లోపల రెండు వేళ్ళు దూరాలి. ఛాతీ దగ్గర ఒంటి కొలత మీద నాలుగు అంగుళాల దాకా లూజు ఉంటే మన వేడికి హాయిగా ఉంటుంది. అన్నిటికన్నా ఎవరూ పట్టించుకోనిది చంక. వదులుగా ఉంటే సుఖం అనుకుని చాలామంది చంక కటింగ్ బాగా కిందకి దించేస్తారు. అప్పుడు నేను బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తితే చొక్కా మొత్తం లేచి ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి మాత్రమే కదులుతుంది, చొక్కా కదలదు. ట్రయల్‌లో చెయ్యి పైకెత్తి చూసుకో.

ఇక గుడ్డ. మన వైపు సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత నీకు చెప్పక్కర్లేదు. పాలిస్టర్ చెమటని పీల్చుకోదు, ఒంటికి అంటుకుపోతుంది. షాపులో ‘ప్యూర్ కాటన్’ అంటే నమ్మేయకుండా అంచు నుంచి ఒక దారం లాగి, బయటికి తీసుకెళ్ళి అగ్గిపుల్లతో కాల్చి చూడు. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి ముడుచుకుని, చివర గట్టి పూసలా మిగులుతుంది. కొన్న గుడ్డని ఒక రాత్రి మామూలు నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేయించి అప్పుడు టైలరుకి ఇవ్వు. నూలు గుడ్డ మొదటి ఉతుక్కి కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకుపోవడమేదో కటింగ్‌కి ముందే అయిపోవాలి.

పొందూరు నీకు అంత దగ్గరుంది కదా, ఒక్కసారైనా వెళ్ళావా? రైలు కూడా ఆగుతుంది. కొండపత్తి గింజ పట్టుకుని, ఎండబెట్టిన వాలుగ చేప దవడతో ఆ పత్తిని దువ్వుతారు అక్కడి ఆడవాళ్ళు. చిన్న చిన్న పళ్ళు వరసగా ఉన్న ఆ దవడ దూది మీద మెత్తగా వెళ్తుంటే చెత్త రాలిపోయి, పీచులన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. మా నాయనమ్మ చేతిలో చూశాను దాన్ని. ఆ దూదిని చుట్టిన ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి దొప్పల్లో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. వంద కౌంటు, అంతకన్నా సన్నం నూలు చేత్తో తీస్తారు. వంద కౌంటు అంటే ఏమిటో లెక్క చెప్తాను. ఒక పౌను, అంటే 453 గ్రాముల దూదిలోంచి 84,000 గజాల దారం. దాదాపు 77 కిలోమీటర్లు. మీ శ్రీకాకుళంలో ఒక కొస పట్టుకుంటే మా విజయనగరం దాటిపోతుంది. గాంధీగారు తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో మెచ్చుకున్న ఖద్దరు అది. అక్కినేని నాగేశ్వరరావుగారు ఇష్టపడి కట్టిన పంచెలు అవి. ఇటలీ గుడ్డ గురించి ఫోన్లో చదివి మురిసిపోయే కుర్రాళ్ళు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. ఆ గుడ్డ మంచిదే. కానీ ఇంత దగ్గరలో ఈ నూలు ఉండి, మనం దాన్ని రాజకీయ నాయకుల గుడ్డ అని వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. ధర మామూలు కాటన్ కంటే ఎక్కువే, నిజం. అందుకే ఏడాదికి ఒక్కటే తీసుకో. గాంధీ జయంతికి ఖాదీ దుకాణాల్లో రిబేటు పెడతారు, అప్పటికి డబ్బు కూడబెట్టుకో. గంజి పలచగా పెట్టించు. గట్టిగా పెడితే మడతల దగ్గర నూలు తొందరగా చిరుగుతుంది.

కోట్ల గురించి అడిగావు కాబట్టి ఇటలీ నుంచి ఒకటి మాత్రం నేర్చుకోదగ్గది చెప్తాను. 1930లలో నేపుల్స్‌లో విన్సెంజో అట్టోలీని అనే దర్జీ ఇంగ్లీషు కోటులోని భుజం మెత్తలు, లోపలి బరువు పొరలు తగ్గించేసి చొక్కాలా తేలిగ్గా ఉండే కోటు కుట్టాడు. లండన్ చలికి పుట్టిన కోటు తమ ఎండలో మోయడం వాళ్ళకి అనవసరం అనిపించింది. మనం తీసుకోవాల్సింది వాళ్ళ కోటుని కాదు, ఆ ఆలోచనని. ఎప్పుడైనా కోటు కుట్టించుకుంటే లోపలి లైనింగ్ వీపు మీద సగమే వేయమను, భుజాలకి మెత్తలు వద్దను.

ప్యాంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. నడుము మరీ కిందకి వద్దు, బొడ్డుకి కాస్త కింద నిలబడాలి. తొడ దగ్గర కూర్చుంటే పట్టకూడదు. బాటమ్ ఎంత సన్నం అన్నది నీ పాదం చెప్తుంది, ఫ్యాషన్ చెప్పదు. ముదురు నీలం ఒకటి, బూడిద రంగు ఒకటి, ఖాకీ ఒకటి ఉంటే నీకు చాలు. చెప్పులైనా బూట్లైనా తోలువి ఒక జత మంచివి కొని, రోజు విడిచి రోజు వేసుకో. చెమ్మ ఆరితే ఎక్కువ కాలం వస్తాయి.

రంగుల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళని ఎక్కువ బాధపెట్టింది ఇదే. నేను నల్లగా ఉంటాను. చిన్నప్పటి నుంచి “నీకు ముదురు రంగులు నప్పవు, లేతవే తీసుకో” అని షాపుల్లో, చుట్టాల ఇళ్ళలో వింటూ పెరిగాను. అది నిజం కాదు. ఆవపసుపు, ఇటుక రంగు, నీలిమందు రంగు, ముదురు ఆకుపచ్చ, గోధుమ వన్నె ఖద్దరు, ఇవి మన ఒంటి రంగు మీద ఎంత నిండుగా ఉంటాయో పగటి వెలుతురులో నిలబడి చూసుకో. షాపులో ట్యూబు లైటు కింద ఏ రంగూ ఎంచుకోకు. గుడ్డని గుమ్మం దాకా తీసుకెళ్ళి, గడ్డం కింద పెట్టుకుని చూడు.

ఆఫీసులో నవ్వుతున్నారన్నావు. నేను మొదటిసారి ఇటుక రంగు ఖద్దరు చొక్కా వేసుకుని స్టాఫ్ రూములోకి వెళ్తే “ఏటి మాస్టారూ, పెళ్ళిచూపులా?” అన్నారు. అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన పిల్లల ముందే “పాఠం చెప్పడానికి వచ్చావా, షోకులు చెయ్యడానికి వచ్చావా” అని కూడా అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. అయినా వారానికి ఒకసారి ఆ చొక్కా వేసుకుంటూనే ఉన్నాను. చిన్న ఊళ్ళో జనం దేనికైనా తొందరగా అలవాటు పడతారు. పండక్కో పబ్బానికో వేసుకుంటే వింతగా కనబడుతుంది, మామూలు మంగళవారం వేసుకుంటే నీ బట్ట అయిపోతుంది. ఆ నవ్విన వాళ్ళలోనే ఒకరు తర్వాత నన్ను పక్కకి పిలిచి టైలరు ఎవరని అడిగారు. అలా అని నెలకో కొత్త వేషం మార్చకు. నచ్చినవి నాలుగు ఎంచుకుని అవే తిరగేసి తిరగేసి వేసుకో. దూరం నుంచి ఆ చొక్కా చూసి నువ్వే అని పోల్చుకోగలిగితే నీకు స్టైల్ వచ్చినట్టే.

ఇంట్లోవాళ్ళ మాట కూడా విను. 18 వేల జీతంలో ఇంటికి ఇవ్వాల్సింది ఇచ్చాకే ఇదంతా. ఆన్‌లైన్లో ఆఫర్ చూసి కొనే టీ షర్టులు మానేస్తే, మూడు నాలుగు నెలలకి ఒక మంచి గుడ్డ, దాని కుట్టుకూలీ వస్తాయి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని నీ కొలతలు, గుడ్డ ఎక్కడ కొన్నావో, ఎన్ని ఉతుకులకి ఎలా ఉందో రాసుకో. అమ్మకి ఆ పుస్తకం చూపించు. సరదాగా తగలేస్తున్నాడన్న అనుమానం చాలావరకు పోతుంది. మా ఇంట్లో పోయింది.

అక్క పెళ్ళికి సూట్ వద్దు. తక్కువ ధర రెడీమేడ్ సూట్లలో ఛాతీ దగ్గర లోపలి పొర జిగురుతో అతికించి ఉంటుంది, మన చెమ్మకి కొన్నాళ్ళకి బుడగలు లేస్తుంది. పైగా నువ్వు పెళ్ళికూతురి తమ్ముడివి. వియ్యాలవారి విడిదికి తిరగాలి, వడ్డన దగ్గర నిలబడాలి, బుట్ట మొయ్యడానికి మేనమామలకి సాయం పట్టాలి. కోటు వేసుకుని ఆ పనులు చెయ్యలేవు. పొందూరు పంచె ఒకటి, గోధుమ వన్నె ఖద్దరు ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఒకటి చూసుకో. పంచె ముందు నుంచే ఇంట్లో కట్టి నడవడం అలవాటు చేసుకో, లేకపోతే ఆ రోజంతా అది జారుతుందేమో అన్న టెన్షన్‌తోనే గడుస్తుంది. చొక్కా గుడ్డ గాంధీ జయంతి రిబేటులో తీసుకుని, తడిపి ఆరేసి, కార్తీకంలోనే టైలరుకి ఇచ్చెయ్యి. సంక్రాంతి నెల పడిందంటే ఎంత బతిమాలినా కొత్త గుడ్డ ముట్టుకోరు.