బిల్లు లేని టైగర్ సాలమాండర్: ఫ్లాట్ ఖాళీ చేయాలా?

ప్రశ్న: మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాం. నాలుగు నెలల క్రితం సిటీలో ఒక అక్వేరియం షాపులో టైగర్ సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) కొన్నాను. నల్లటి ఒళ్లు, పసుప్పచ్చ మచ్చలు, జానెడు పొడవు. గాజు తొట్టెలో టెర్రేరియం చేసి బెడ్‌రూమ్‌లో పెట్టాను. షాపులో బిల్లు ఇవ్వలేదు. ఒక చీటీ మీద ‘ఇంపోర్టెడ్ లిజార్డ్ – 1’ అని రాసిచ్చారు. ఈ మధ్య పనమ్మాయి చూసి నాలుగిళ్లలో చెప్పింది. ‘విషజంతువును పెంచుతున్నారు, వారంలో తీసేయండి, లేదంటే ఫ్లాట్ ఖాళీ చేయండి’ అని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. ఓనర్ కూడా వాళ్ల వైపే. ఫారెస్టు వాళ్లకు ఫిర్యాదు చేస్తామంటున్నారు. నా మీద కేసు పడుతుందా? రిజిస్ట్రేషన్ చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పినది నిజంగా టైగర్ సాలమాండరే అయితే, దాన్ని పెంచుతున్నందుకే వన్యప్రాణి చట్టం కింద కేసు పడదు. మీరు కంగారు పడాల్సింది ఆ చీటీ గురించి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి రెండు షెడ్యూళ్లు మన దేశపు జీవులవి. టైగర్ సాలమాండర్ ఉత్తర అమెరికా జీవి, వాటిలో లేదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. వాటిని పెంచేవారు సెక్షన్ 49ఎం కింద నమోదు చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కొత్తగా తెచ్చుకున్నవారు 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేశ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వెళ్తుంది. మనకు ఆ ఆఫీసు సైఫాబాద్ అరణ్య భవన్‌లో ఉంది. టైగర్ సాలమాండర్ సైటిస్ జాబితాలో లేదు కాబట్టి ఈ రిజిస్ట్రేషన్ మీకు వర్తించదు.

ఇక్కడే ఒక చిక్కుంది. దీనికి దగ్గరి చుట్టం ఆక్సొలాటల్, మెక్సికోది. అది సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టైగర్ సాలమాండర్ పిల్లకు కూడా ఆక్సొలాటల్‌లాగే మెడ పక్కన కుచ్చుల్లాంటి మొప్పలుంటాయి. అమ్మేవాళ్లు ఒకదాని పేరుతో ఇంకోటి అంటగట్టడం కష్టమేమీ కాదు. మీది మొప్పలు మాయమై, మట్టిలో బొరియ చేసుకుని ఉంటోందంటే చాలావరకు టైగరే. అయినా ఉభయచరాలు తెలిసిన వెటర్నరీ డాక్టర్‌కు చూపించి, శాస్త్రీయ నామంతో ‘ఆంబిస్టోమా టైగ్రినం’ అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఫారెస్టు వాళ్లు వస్తే ముందు పనికొచ్చేది ఆ కాగితమే. డార్జిలింగ్, మణిపూర్ వైపు కొండల్లో మన సొంత సాలమాండర్ ఒకటుంది. దానికి చట్టరక్షణ ఉంది. మీది అది కాదని కూడా ఆ కాగితమే చెబుతుంది.

ఇప్పుడు చీటీ సంగతి. విదేశీ జంతువు దేశంలోకి సక్రమంగా రావాలంటే డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్సు, పశుసంవర్ధక శాఖ శానిటరీ పర్మిట్ కావాలి. ఇవేవీ లేకుండా ఎవరో బ్యాగులో వేసుకొచ్చిన సరుకైతే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 111 కింద జప్తు చేయవచ్చు. మీరు డబ్బు పెట్టి కొన్నారన్నది దానికి అడ్డు కాదు. మీ మీద జరిమానా గానీ, కేసు గానీ పెట్టాలంటే మాత్రం, దొంగతనంగా వచ్చిన సరుకని మీకు తెలిసి ఉండాలి, లేదా తెలిసేందుకు కారణం ఉండాలి. సాలమాండర్‌ను బల్లి అని రాసిన చీటీ జేబులో పెట్టుకుని ‘నాకేమీ తెలియదు’ అంటే అధికారి ఎంతవరకు నమ్ముతాడో ఆలోచించండి.

అందుకే ఈ వారమే షాపుకు వాట్సాప్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో రాతపూర్వకంగా అడగండి: జీవి పేరుతో సరైన బిల్లు, వాళ్లకు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే కాగితం. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. అదీ అడగండి. వాళ్లు ఇవ్వకపోయినా మీరు అడిగారన్నది రికార్డవుతుంది. మీరు కట్టిన యూపీఐ వివరాలు, చాట్ డిలీట్ చేయకండి. అలాగని పాత తేదీ వేసి బిల్లు ఇస్తామంటే తీసుకోవద్దు. అప్పుడు చిన్న కేసు కాస్తా ఫోర్జరీ కేసవుతుంది.

అసోసియేషన్ మాటకొస్తే, అద్దెదారును ఖాళీ చేయించే అధికారం వాళ్లకు లేదు. నీళ్లు, కరెంటు ఆపే హక్కు అసలే లేదు. ఖాళీ చేయమనాల్సింది ఓనర్. అదీ మీ అగ్రిమెంటు ప్రకారమే. పెంపుడు జంతువులు వద్దనే షరతు అందులో ఉంటే మీ వాదన బలహీనం. లేకపోతే మధ్యలో పొమ్మనడం కుదరదు. రాతలో ఏమీ లేని నెలవారీ అద్దె అయితే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోతే కొనసాగించనని ఓనర్ అనవచ్చు, దానికి మనం చేయగలిగింది తక్కువ. భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలను గ్రూపుల్లో అందరూ ఫార్వర్డ్ చేస్తుంటారు. అవి ప్రధానంగా కుక్కలను దృష్టిలో పెట్టుకుని రాసినవి, వాటి మీదే ఆధారపడకండి.

నోటీసుకు జవాబు మాత్రం ఇవ్వండి, నాలుగు వాక్యాలు చాలు. ఇది పాములా కాటేసి విషమెక్కించే జీవి కాదు. బెదిరితే చర్మం మీద పాలలాంటి ద్రవం వస్తుంది, కంట్లో పడితే మంట. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే సాల్మొనెల్లా ఉండవచ్చు. తొట్టెకు తాళం పడే మూత ఉందని ఫొటో జతచేయండి. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. ఆ మాట ఎవరూ అనకముందే మూత సంగతి చూసుకోవడం మేలు.

మీరు అడగని విషయం ఇంకొకటి. జంతు హింస నిరోధక చట్టం, 1960 ప్రకారం జంతువంటే మనిషి కాని ప్రతి ప్రాణీ. కదలడానికి చాలినంత చోటు లేని తొట్టెలో ఉంచితే సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఈ చట్టాన్ని ఇంకా ఎందుకు మార్చలేదో నాకర్థం కాదు. జరిమానా చిన్నదే గానీ, అసోసియేషన్ వాళ్లు ఫిర్యాదులో పట్టుకునేది దీన్నే. పెద్ద సాలమాండర్‌కు కనీసం 75 లీటర్ల తొట్టె, అరచేయి లోతున తడి మట్టి కావాలి. ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, పాతిక దాటితే అల్లాడుతుంది. మన మే నెల నలభై డిగ్రీల్లో ఏసీ లేని గదిలో ఉంచామంటే ఏ మేజిస్ట్రేటు ముందూ సమర్థించుకోలేం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది తొలగించాకే పోయాలి.

ఈ గొడవంతా ఎందుకని ఏ చెరువులోనో వదిలేద్దామనుకోకండి. చేపలకు ఎరగా వాడిన సాలమాండర్ పిల్లలను ఇలాగే నీళ్లలో వదిలితే, కాలిఫోర్నియాలో అవి అక్కడి స్థానిక జాతితో కలిసి దాన్నే దెబ్బతీశాయి. పైగా కప్పలను చంపే ఫంగస్‌ను మోసుకెళ్తాయి. వదిలించుకోవాలంటే రాతపూర్వకంగా అరణ్య భవన్‌లో అడగండి, అప్పగిస్తే రసీదు తీసుకోండి. ఈలోగా అధికారులెవరైనా ఇంటికొస్తే అడ్డుకోకండి. పంచనామాలో ‘ఇంపోర్టెడ్ లిజార్డ్’ అని రాస్తుంటే డాక్టర్ కాగితం చూపించి సరిచేయించాకే సంతకం పెట్టండి. కాపీ అడిగి తీసుకోండి.