‘ఫెక్‌లెస్’లో ‘ఫెక్’ అంటే ఏమిటి?

‘ఫెక్‌లెస్’ అనే ఇంగ్లీషు విశేషణంలో లెస్ తీసేస్తే మిగిలే ‘ఫెక్’కి అర్థముందా, ‘ఫెక్‌ఫుల్’ అనొచ్చా అని అడిగారు. పర్లాకిమిడిలో మా అరుగు మీద ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల నన్ను ఇదే అడిగింది. "ఏటి మాస్టారూ, ఫెక్ తక్కువైనోడా?" అంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు కదా, ప్రతి మాటనూ విడదీసి చూస్తారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను.

ఫెక్ స్కాట్లండ్ మాట. ‘ఇఫెక్ట్’లో ముందున్న అచ్చూ చివరి ‘ట్’ శబ్దమూ జారిపోగా మిగిలింది. మన పెద్దవాళ్లు స్టేషన్‌ని టేసను చేసుకోలేదూ, అలాగే. వాళ్లకి ఫెక్ అంటే ఫలితం, సత్తా, విలువ. ఫెక్‌లెస్ 16వ శతాబ్దం చివరి నుంచి రాతల్లో ఉంది. ఫెక్‌ఫుల్ కూడా స్కాట్స్‌లో ఉంది, సత్తా ఉన్నవాడు అని. మామూలు ఇంగ్లీషులో మాత్రం అది నిలవలేదు. జనం నోటి మాటకి గౌరవం కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అందుకేనేమో, ఇలా నోట్లో అరిగి నిలబడ్డ మాటలంటే నాకు ప్రాణం.

ఇక్కడి లెస్‌కి ‘తక్కువ’తో సంబంధం లేదు. రెండూ వేరే వేరే మాటలు. ఈ ప్రత్యయం పాత ఇంగ్లీషులో ‘లేని, విడివడిన’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. వదులుగా ఉండటాన్ని చెప్పే ‘లూస్’ దానికి చుట్టం. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయేది ‘మాలిన’. ఇఫెక్ట్‌కి మూలమైన లాటిన్ ధాతువుకి ‘చేయు’ అని అర్థం, అంటే పనే. ఫెక్‌లెస్ అంటే పనికిమాలిన! ఇది తట్టినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దీనికి ‘నెస్’ చేరిస్తే పనికిమాలినతనం అవుతుంది.

మర్నాడు చెబితే ఆ పిల్ల "మా మామ్మ రోజూ అనేదే కదా" అని నోట్సులో రాసుకుంది. పక్కనే రూత్‌లెస్ అని రాయించాను. రూత్ అంటే జాలి, కాబట్టి దయమాలిన. పేజీ తిప్పకుండానే "మరి రెక్‌లెస్?" అంది.

రెక్ అంటే పట్టింపు.