థైరాయిడ్ క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ పాత్ర ఎంత?

ప్రశ్న: నా వయసు 41. పాపిల్లరీ క్యాన్సర్ అని తేలడంతో మూడేళ్ల క్రితం థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. రోజూ పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర వేసుకుంటున్నాను. నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతోందని గైనకాలజిస్టు ఇప్పుడు ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు రాశారు. ఈ క్యాన్సర్ ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి ఆ హార్మోనే కారణమని విన్నాను. ఇవి వాడితే జబ్బు తిరగబెడుతుందా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: మీ భయం నిరాధారమైనదని కొట్టిపారేయలేను. థైరాయిడ్ క్యాన్సర్ పురుషుల కంటే స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా బయటపడుతుంది. ఆ తేడా యుక్తవయసు తర్వాత మొదలై, సంతానయోగ్యమైన వయసులో బాగా పెరిగి, నెలసరి ఆగిపోయాక క్రమంగా తగ్గుతుంది కనుక పరిశోధకుల దృష్టి సహజంగానే ఈస్ట్రోజెన్ మీద పడింది. థైరాయిడ్ కణాలలో ఈ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయి. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలలో ఆల్ఫా రకం పెరుగుదలను ప్రోత్సహించగా, బీటా రకం చాలావరకు దానికి పగ్గం వేసింది.

అయితే గాజుపాత్రలోని కణాల తీరు వేరు, మనిషి శరీరం తీరు వేరు. గర్భనిరోధక మాత్రలు వాడినవారిని, వాడనివారిని పోల్చి చూసిన అధ్యయనాలలో ఆ మాత్రల వల్ల థైరాయిడ్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని స్థిరంగా రుజువు కాలేదు. పైగా, వేరే కారణాలతో మరణించినవారికి శవపరీక్ష చేసినప్పుడు, బతికుండగా ఎవరూ గుర్తించని చిన్న చిన్న పాపిల్లరీ కణితులు స్త్రీ పురుషులిద్దరిలోనూ దాదాపు సమానంగానే కనిపించాయి. స్త్రీలు థైరాయిడ్ పరీక్షలు, స్కానింగులు ఎక్కువగా చేయించుకోవడం వల్లనే వారిలో ఈ కణితులు ఎక్కువగా దొరుకుతున్నాయన్న వాదనకు ఇది బలమైన ఆధారం. కచ్చితంగా రుజువైన కారణం చిన్నతనంలో మెడకు తగిలిన రేడియేషన్. 1986 నాటి చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత అక్కడి పిల్లలలో ఈ క్యాన్సర్ పెరగడమే అందుకు నిదర్శనం. కనుక ఈస్ట్రోజెన్‌ను అనుమానితుల జాబితాలో ఉంచవచ్చునే తప్ప దోషిగా నిలబెట్టలేము.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేస్తున్నది వేరొకటి. నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ కాలేయం చేత, రక్తంలో థైరాక్సిన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. థైరాయిడ్ ఉన్నవారిలో ఆ గ్రంథి మరికాస్త హార్మోన్‌ను విడుదల చేసి లోటును సర్దుకుంటుంది. గ్రంథి లేని మీకు మాత్రలో ఉన్నదే లెక్క. అందులో ఎక్కువ భాగం ఆ ప్రొటీన్‌కు అతుక్కుపోతే, కణాలకు అందేది తగ్గి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని ప్రేరేపించే పిట్యూటరీ గ్రంథి హార్మోన్) పెరగవచ్చు. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటిని ఎదగమని పురికొల్పేది ఆ టీఎస్‌హెచ్ కనుకనే, ఆపరేషన్ తర్వాత దాన్ని అదుపులో ఉంచమని చెబుతారు.

అందుచేత మాత్రలు మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుని, అవసరమైతే థైరాక్సిన్ మోతాదు పెంచమని మీ వైద్యుణ్ణి అడగండి. ఆ మాత్రలు ఆపినప్పుడు కూడా మళ్లీ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అప్పుడు పాత మోతాదు ఎక్కువై గుండె దడ రావచ్చు. రక్తస్రావం వల్ల ఐరన్ మాత్రలు కూడా రాసి ఉంటే, థైరాక్సిన్‌కూ వాటికీ కనీసం నాలుగు గంటల ఎడం పాటించండి. ఈ చిన్న సంగతి పట్టించుకోకపోవడం వల్లే టీఎస్‌హెచ్ పెరిగి, మోతాదు చాలడం లేదనుకునేవారు ఉన్నారు.

రక్తపోటు, పొగతాగే అలవాటు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ వంటివి ఏవి ఉన్నా గైనకాలజిస్టుకు ముందే చెప్పండి. అధిక రక్తస్రావానికి ఈస్ట్రోజెన్ లేని ప్రొజెస్టిరాన్ మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోన్ లూప్ కూడా ఉన్నాయి. అవి ఆ ప్రొటీన్‌ను చెప్పుకోదగినంత పెంచవు కనుక, మీకు సరిపడతాయేమో ఆమెతో ఒకసారి మాట్లాడండి.