అటక దించే ముందు అత్తయ్యని అడగండి

ప్రశ్న: మేడమ్ గారూ, ముప్ఫై ఏళ్లుగా అక్కయ్యపాలెంలో సొంతింట్లో ఉంటున్నాం. వచ్చే నెల మధురవాడలో రెండు బెడ్రూముల ఫ్లాట్‌కి మారిపోతున్నాం. అటక నిండా ఇత్తడి సామాను, నీళ్ల డ్రమ్ములు, పాత బట్టల మూటలు. కింద తుప్పు బీరువా, రుబ్బురోలు, పాడైన ఇన్వర్టర్ బ్యాటరీ. ఏది తీసేద్దామన్నా అత్తయ్య ఒప్పుకోవడం లేదు. ఆవిడ ఊరెళ్లినప్పుడు పాత సామాన్ల బండికి వేసేద్దామంటున్నారు మావారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆవిడ లేనప్పుడు మాత్రం వద్దమ్మా. ఆ తప్పు నేను చేశాను. కంచరపాలెంలో ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెని తూకానికి ఇచ్చేశాను. బండతను కొక్కెం కాటాకి తగిలించి తూచాడు. గోనెలో పట్టదని గట్టు మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అప్పుడు కనబడ్డాయి, మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. మా అమ్మమ్మ పేరు, పక్కన 1958. డబ్బులు వెనక్కిచ్చి బిందె తెచ్చుకున్నాను గానీ అంచు చిట్లిపోయింది. మాటు వేయించినా నీళ్లు కారుతూనే ఉంది.

అందుకని, ముందు అత్తయ్యని హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఇత్తడి సామాను ఒక్కొక్కటీ దించి, చింతపండుతో తోమి, పేరు ఉందేమో చూడండి. "పారేద్దామా?" అని అడక్కండి. "ఇది ఎవరికిద్దాం అత్తయ్యా?" అనండి. మనవరాలికో, ఆడపడుచుకో తన చేత్తో ఇచ్చే వస్తువుని ఏ పెద్దావిడా పట్టుకుని కూర్చోదు. తూకానికి ఇచ్చేవి ఉంటే ముందు ఇంట్లో తూచి, బరువు రాసిపెట్టుకోండి.

డ్రమ్ముల విషయంలో ఆవిడని చాదస్తం అనకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, కరెంటు లేక, మోటార్లు ఆడక, బిందెడు నీళ్లకి మనమంతా ఎలా తిరిగామో గుర్తుంది కదా. ఆ భయం న్యాయమైనదే. మూత గట్టిగా ఉన్న డ్రమ్ము ఒకటి, ఎమర్జెన్సీ లైటు ఒకటి కొత్తింట్లో ఆవిడ కంటికి కనిపించేలా పెడతామని చెప్పండి. మిగతావి ఇవ్వడానికి ఆవిడే ఒప్పుకుంటారు.

మన సముద్రపు గాలికి ఇనప బీరువాని కింద నుంచి తుప్పు తినేస్తుంది. అడుగు రేకుని వేలితో నొక్కి చూడండి. పెచ్చులూడితే లారీ ఎక్కించకండి, ఇనుము కింద అమ్మేయండి. అంతకంటే ముందు లాకరూ, అరల్లో పరిచిన కాగితాల అడుగూ వెతకండి. దస్తావేజులు, పాత పాస్‌పుస్తకాలు అక్కడే దొరుకుతాయి.

నూలు చీరలు బొంతలకి పనికొస్తాయి. పట్టుచీరలు మాత్రం పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ల బుట్టలో పడనీయకండి. పాతవాటిలో వెండి జరీ ఉంటే దాని విలువ వేరు. రోలు ఫ్లాట్‌కి మోయలేరు. పెరడున్న ఇంటికి పొత్రంతో సహా ఇచ్చేయండి.

బ్యాటరీని బండికి వేయకండి. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. పగలగొడితే ఆ బండతని చేతులే కాలతాయి. పక్కకి వంచకుండా నిలబెట్టే బ్యాటరీ షాపుకి తీసుకెళ్లండి. కొత్తది కొంటే పాతదానికి ధర తగ్గిస్తారు. కాలిపోయిన ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి కాగితంలో చుట్టి, చెత్త బండి వాళ్లకి చెప్పి మరీ విడిగా ఇవ్వండి.

ప్యాకర్స్ వాళ్లని ఇప్పుడే పిలవద్దని మీవారికి చెప్పండి. వాళ్లు కనబడిన సామాను చూసి రేటు చెబుతారు. అటక ఖాళీ అయ్యాకే రమ్మనండి.