రెల్లు పూసే వేళకి

రాజమహేంద్రవరం
ఆశ్వయుజ శుద్ధ తదియ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దాంతోపాటు మూడు అధ్యాయాలూ అందాయి. ముందు నీ పట్టిక చదివాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, అంకెలు కనబడితే కళ్లు అటే పోతాయి. 'ఈ శరత్తులో చేయబోయేవి' అని పైన రాసి కింద వరసగా పెట్టావు: ఏడు భాగాల మాంత్రిక లోకపు నవల, దానికి ముందుకథగా ఇంకో చిన్న నవల, ఆ లోకానికి పటం, పదకోశం, ఆడియో. మూడు ముఖచిత్రాలకి బొమ్మలాయనకి అడ్వాన్సు కూడా ఇచ్చేశావు. అన్నిటికంటే కింద, 'నాలుగో అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదు మాస్టారూ' అన్నావు. నవ్వొచ్చింది. నవ్వి ఊరుకోలేక కాగితం తీసుకున్నాను.

వారానికి రెండు రోజులే కుదురుతుంది, కూచుంటే ఎనిమిది వందల మాటలు రాస్తాను అన్నావు. అంటే వారానికి 1600. భాగానికి అరవై వేల మాటలు అనుకుందాం. ఒక్కో భాగానికి 38 వారాలు. ఏడు భాగాలకి 266 వారాలు, ఐదేళ్లు దాటింది. ఇందులో జ్వరాలు లేవు, ఆఫీసులో రాత్రి షిఫ్టులు లేవు, పెళ్లిళ్లు లేవు, తిరగరాయడమన్నది అసలే లేదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. పట్టికలో ఈ అంకె ఒక్కటే కనబడలేదు, అందుకని వేశాను.

ఇక అధ్యాయాల సంగతి. రెండో అధ్యాయం 'శరదృతువు వచ్చింది, ఆకులు ఎర్రబడి రాలసాగాయి' అని మొదలవుతుంది. ఎక్కడమ్మా రాలాయి? మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో. నీ రాజ్యం కల్పితమే, కాదనను. కానీ అందులో నది ఉంది, లంకలున్నాయి, వరిచేలున్నాయి, మనుషులు గోంగూర తింటున్నారు. అలాంటి చోటికి శరత్తు ఎలా వస్తుందో మా మేడ మీద నుంచి కనబడుతోంది, చెబుతాను విను. రెండు నెలలుగా ఇటుక రంగులో పారిన గోదావరి ఇప్పుడు తేరుకుంది. రేవు మెట్ల మీద వరద వదిలిన ఒండ్రు ఎండి పెచ్చులు లేస్తోంది. చాకలి రేవులో వాళ్లు మళ్లీ తెల్లబట్టలు ఆరేస్తున్నారు, మొన్నటిదాకా ఆ నీళ్లలో తెల్లబట్ట ముంచే ధైర్యం ఎవరికీ లేదు. ఎదుటి లంక అంచంతా రెల్లు పూసింది. గాలి వచ్చినప్పుడు లంకే కదిలినట్టుంటుంది. ఇవన్నీ వదిలేసి, నువ్వెన్నడూ చూడని చెట్ల ఎర్రటాకులు ఎందుకు అరువు తెచ్చుకోవాలి? మంచు కురుస్తున్న సత్రంలో చలిమంట చుట్టూ కూచుని రొట్టెలు తినే జనం కూడా ఆ అరువు బాపతే. ఆ పేజీ కొట్టెయ్.

మూడో అధ్యాయం మాత్రం నీ సొంతం. మంత్రగత్తె ఒక్క మాటతో సముద్రపు ఒడ్డు ఊరికి వాన కురిపించే ఘట్టం రెండుసార్లు చదివాను. జనం చిందులేశారు, రాజుగారు కంకణం తొడిగారు, అధ్యాయం అయిపోయింది. అక్కడే ఆగిపోయావెందుకు? ఒడ్డున ఉప్పు మడులున్నాయని మొదటి అధ్యాయంలో నువ్వే రాశావు. మడుల్లో ఉప్పు గడ్డకడుతున్న సమయంలో అంత వాన పడితే ఆ ఏడాది పంట మొత్తం కరిగి సముద్రంలోకి పోతుంది. పారతో ఉప్పు గీసే మనిషి ఆ సాయంత్రం ఇంటికి ఏం పట్టుకెళ్తాడు? వాడి కూతురు ఆ మంత్రగత్తె దగ్గరికి వచ్చి ఏమడుగుతుంది? నీ నవల అసలు మొదలయ్యేది ఆ పిల్ల గుమ్మంలో నిలబడ్డప్పుడని నా అనుమానం. మంత్రం పారిందా లేదా అన్నది చిన్నపిల్లల ప్రశ్న. పారితే ఎవడి కుండ పగిలిందన్నది మన ప్రశ్న. నీ పటమూ పదకోశమూ తీసి పక్కనపెట్టి ఆ పిల్ల మాట్లాడే పది వాక్యాలు రాసుకో.

పేర్ల గురించి ఒక్క ముక్క. కొత్తగా ఉంటుందని నా మొదటి నవల్లో ఒక లోయకి 'ఙ్మోర' అని పెట్టాను. యూనికోడ్‌లో రాసిన ప్రతిని డీటీపీలో, ప్రెస్సులవాళ్లు వాడే అను ఫాంటులోకి మార్చేసరికి అది కొన్నిచోట్ల 'జ్మోర' అయింది, కొన్నిచోట్ల 'ఙ'కీ 'మో'కీ మధ్య జాగా వచ్చింది. ప్రూఫులు మూడుసార్లు చూసీ పట్టుకోలేకపోయాను. అచ్చయ్యాక మా అమ్మ పుస్తకం తీసి ఆ పేరు దగ్గర ఆగి, 'ఇదేవిట్రా, గొంతులో ముల్లు దిగినట్టుంది' అంది. ఆవిడ అన్నదే పెద్ద విమర్శ. నీ మాంత్రికుల పేర్లు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ల చేత పైకి చదివించు.

ఇప్పుడు నా గొడవ చెబుతాను. ఎవరికీ చెప్పుకోలేదింతవరకు.

నా నవల రెండో భాగం ఐదువందల కాపీలు సొంతంగా వేయించాను. చివరి పేజీలో లావు అక్షరాలతో 'మూడవ భాగం వచ్చే దసరాకు' అని అచ్చు వేయించాను. ప్రెస్సులో ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ దసరా వచ్చింది, వెళ్లింది. ఇది నాలుగోది. కారణం బద్ధకం కాదు. రెండో భాగంలో కన్నీళ్లు పెట్టించాలన్న ఉబలాటంలో పడవవాణ్ణి చంపేశాను. మూడో భాగం సగంలో ఉండగా తెలిసింది, ఆ నది దాటే మంత్రం తెలిసినవాడు నా లోకం మొత్తంలో వాడొక్కడేనని. అదీ నేనే మొదటి భాగంలో రాసి పెట్టాను. చేతిరాతలో ఉంటే ఓ గంటలో బతికించేవాణ్ణి. అచ్చయిపోయాక ఏం చేస్తాను? స్లాబు పోశాక స్తంభం జరుపుతానంటే మేస్త్రీ నవ్వుతాడు.

అమ్ముడుపోయినవి పోగా మిగిలిన 312 కాపీలనీ హాల్లో పరిచి, నేనూ మా ఆవిడా కూచుని ఆ వాక్యం మీద తెల్లకాగితం చీటీలు అంటించాం. ఫెవికాల్ ఎక్కువైతే పేజీ ముడతపడుతుంది, తక్కువైతే చీటీ లేస్తుంది. ఆవిడ అగ్గిపుల్లతో ఫెవికాల్ పూయడం కనిపెట్టింది. రెండు రోజులు పట్టింది. కొనుక్కున్న 188 మందికి మాత్రం చీటీ లేదు కదా. నరసాపురం నుంచి ఒకాయన ప్రతి విజయదశమికీ ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతాడు. పుస్తకం సంగతి అడగడు. ఆయన అడగకపోవడమే నన్ను తినేస్తుంది.

ఈ ఊళ్లో కూచుని ఈ మాట రాస్తుంటే నన్నయ్య గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు! రాజరాజనరేంద్రుడి కొలువులో భారతం మొదలుపెట్టినవాడు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. ఆయన రాసిన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీద. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. ఆ తర్వాతెప్పుడో పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు. ఎక్కణ్ణుంచి ఎత్తుకున్నాడనుకున్నావు? శరత్కాలపు ఉదయం నుంచి. పాతాయన రాత్రి దగ్గర వదిలితే కొత్తాయన తెల్లవారు దగ్గర అందుకున్నాడు. ఆ పూరణ రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయ్యే రాసినట్టు.

అమ్మాయీ, ఐదువందల కాపీలు వేసుకునే నీకూ నాకూ ఎర్రన రాడు.

అందుకని నేను చెప్పేది ఇంతే: ఆఖరి భాగం చిత్తుప్రతి చేతిలోకి వచ్చేదాకా మొదటి భాగం ప్రెస్సుకివ్వకు. ఏడు భాగాలు రెండు చేసుకో. ఆఖరి అధ్యాయం ఎంత మొరటుగా వచ్చినా సరే, ముందే రాసి పెట్టుకో. మేం చిన్నప్పుడు ఎదురుచూసిన చందమామ సీరియల్సు వేరు. దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి, పేరైనా వేసుకోకుండా ఏళ్ల తరబడి నెలనెలా రాశారు. నెల తిరిగేసరికి ప్రెస్సు ఆయన గుమ్మంలో ఉండేది. నీ గుమ్మంలో ఎవరూ ఉండరు. సొంతంగా వేసుకోవడంలో సుఖం అదే, ప్రమాదమూ అదే.

డబ్బు, అచ్చు సంగతులు క్లుప్తంగా. అచ్చుపని ఫారాల లెక్కన నడుస్తుంది, ఫారానికి పదహారు పేజీలు. 256 పేజీలైతే సరిగ్గా పదహారు ఫారాలు. 259 అయిందంటే మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు, కాబట్టి మూడు పేజీలు కొయ్యి, నవలకీ మంచిదే. నూటఎనభై రూపాయల పుస్తకానికి నా దగ్గర షాపు కమీషను నలభై శాతం, డెబ్బైరెండు రూపాయలు పోయింది. ధర వేసేముందు ఇది చూసుకో. ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు అంకెకి, ఎవరికీ డబ్బు కట్టకు. రాజా రామ్మోహన్ రాయ్ పేరున ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో నువ్వే పెట్టుకోవచ్చు. అచ్చయ్యాక కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి కాపీలు పంపడం మరిచిపోకు. 1954 చట్టం ప్రకారం అది ప్రచురణకర్త బాధ్యత, ఆ ప్రచురణకర్తవి నువ్వే. ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి కూడా ఒక్కోటి వెళ్లాలి.

డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో బెజవాడ, వాటికి అందుకోవాలని అందరికీ ఉంటుంది. ఆ నెలలోనే ప్రెస్సులు క్యాలెండర్లతో, డైరీలతో ఊపిరాడకుండా ఉంటాయి. కార్తీకంలో ఫైలు ఇవ్వలేని వాళ్లు ఆ ఏడాదికి ఆశ వదులుకోవడం మేలు. నువ్వు ఈ ఏడాది వదులుకో. ప్రదర్శనకి ఊరికే వెళ్లు, కొను, తిరుగు.

నా శరత్తు గురించి అడిగావు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తున్నాను. పడవవాడికి ఒక చెల్లెలుందని మొదటి భాగంలో ఒకే ఒక్క వాక్యం దొరికింది, 43వ పేజీలో. ఎందుకు రాశానో నాకే గుర్తులేదు. చిన్నప్పుడు అన్న వెనకాల కూచుని ఆ మంత్రం వింటూ ఉండేదని ఇప్పుడు రాస్తున్నాను. సగమే విన్నదని రాస్తున్నాను. ఇంకా మూడు అధ్యాయాలున్నాయి. మూలా నక్షత్రం నాడు ఆ కట్ట సరస్వతి ముందు పెడతాను, ఎంతవరకు వస్తే అంతవరకు. దీని తర్వాత ఇంకోటి ఉంది, పిల్లల కథ. దాని పేరు మాత్రం చెప్పను.

ఈ ఉత్తరంతో నా రెండో భాగం కాపీ ఒకటి పంపుతున్నాను. ఆఖరి పేజీలో చీటీ కాస్త వంకరగా ఉంటుంది, అది నేను అంటించింది. దీపానికి అడ్డంపెట్టి చూస్తే కింద అక్షరాలు ఇంకా చదవొచ్చు.

ఆ ఉప్పు మడుల పిల్ల మాటలు రాగానే పంపు.

ఇట్లు,
మీ మాస్టారు